స్టీరింగు ఆయనది, మ్యాపు ఆవిడది

అక్టోబరు దాటి చలి ముదిరే వేళకి అమెరికా ఉత్తరాది నుంచీ కెనడా నుంచీ వేలకొద్దీ రిటైరైన జంటలు దక్షిణానికి కదుల్తాయి. కొందరు పికప్ ట్రక్కు వెనక క్యాంపర్ ట్రెయిలర్ తగిలించుకుని, కొందరు బస్సంత మోటర్‌హోమ్ వేసుకుని ఫ్లోరిడాకో, అరిజోనాకో, టెక్సస్ అడుగున ఉన్న రియో గ్రాండే లోయకో చేరతారు. వీళ్ళని ‘స్నోబర్డ్స్’ అంటారు. అరిజోనా ఎడారిలో క్వార్ట్‌జ్‌సైట్ పక్కన ప్రభుత్వ భూమిలో సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా బండి ఆపుకోవడానికి చాలా ఏళ్ళపాటు 180 డాలర్ల పర్మిట్ సరిపోయింది. ఏడు నెలల నివాసానికి అంతే ఖర్చు.

ఈ ప్రయాణం చుట్టూ అమెరికన్ కథల్లో ఒక చిన్న సంప్రదాయమే ఉంది. బయటికి అవి సెలవుల కథల్లా కనిపిస్తాయి. లోపల మాత్రం ఒకటే ప్రశ్న ఉంటుంది: ముసలివాళ్ళ జీవితానికి స్టీరింగు ఎవరి చేతిలో ఉండాలి? ఆ ప్రశ్నని అందరికంటే సూటిగా అడిగిన నవల మైకేల్ జడూరియన్ 2009లో రాసిన ‘ది లీజర్ సీకర్’. 2017లో దాన్ని ఇటాలియన్ దర్శకుడు పావొలో విర్జీ సినిమా తీశాడు. ముగింపు దాచిపెట్టి ఈ రెండింటి గురించి మాట్లాడటం కుదరదు, కాబట్టి చూడనివాళ్ళు ఇక్కడే ఆగొచ్చు.

నవలలో జాన్‌కి అల్జైమర్స్. ఎల్లాకి క్యాన్సర్, ఇక వైద్యం వద్దనుకుంది. డాక్టర్లూ పిల్లలూ వద్దంటున్నా ఇద్దరూ పాత మోటర్‌హోమ్‌లో డెట్రాయిట్ నుంచి డిస్నీలాండ్‌కి బయల్దేరతారు. ఆయనకి ఏ ఊళ్ళో ఉన్నాడో గుర్తుండదు గానీ బండి నడపడం చేతులకి గుర్తుంది. ఆవిడ నడపలేదు గానీ దారి చెప్పగలదు. ఒకరి శరీరం, ఇంకొకరి బుర్ర కలిస్తే ఒక డ్రైవరు. ఇంత సులువైన ఏర్పాటులో ఒక దాంపత్యం మొత్తం పట్టేసింది. వాళ్ళు ఎంచుకున్న దారి రూట్ 66. ఇంటర్‌స్టేట్ హైవేలు వచ్చి పక్కకి నెట్టేసిన ఆ రోడ్డుని 1985లో అధికారికంగా జాబితా నుంచి తీసేశారు. జ్ఞాపకం పోతున్న మనిషి, జాబితాలో లేని రోడ్డు మీద బండి నడుపుతున్నాడు. రచయిత ఈ పోలికని మన నెత్తిన రుద్దడు. రాత్రిపూట క్యాంపుగ్రౌండులో దుప్పటి కట్టి పాత స్లైడులు వేసుకుని చూసే ఘట్టాల్లో అది దానంతటదే అర్థమవుతుంది.

సినిమా ఈ దారిని దక్షిణానికి తిప్పింది. జాన్ ఇప్పుడు మసాచుసెట్స్‌లో రిటైరైన సాహిత్యం టీచరు, గమ్యం ఫ్లోరిడా కొసన కీ వెస్ట్‌లో ఉన్న హెమింగ్వే ఇల్లు. స్నోబర్డ్స్ దారే, కాకపోతే కాలం ఎండాకాలం. హోటల్లో కనిపించిన వెయిట్రెస్‌కి హెమింగ్వే గురించి పాఠం చెప్పే జాన్, పక్కనున్న భార్య ఎవరో కొన్నిసార్లు పోల్చుకోలేడు. డొనాల్డ్ సదర్లాండ్ ఈ మార్పుని కళ్ళతోనే చూపిస్తాడు. హెలెన్ మిర్రెన్ అయితే సినిమా మొత్తాన్ని భుజాన మోసింది. అయినా నాకు నవలే ఎక్కువ నచ్చింది. మరుపుకి హెమింగ్వేని తగిలించగానే అది కొంచెం అందమైపోయింది. నవల్లోని జాన్‌కి అలాంటి గొప్ప పుస్తకం అండ లేదు. మామూలు మనిషి మామూలుగా మర్చిపోవడంలో ఉన్న భయాన్ని సినిమా పోగొట్టుకుంది.

వీళ్ళ పక్కన ‘అబౌట్ ష్మిట్’ (2002) పెట్టి చూడాలి. అలెగ్జాండర్ పేన్ తీసిన ఈ సినిమాలో 35 అడుగుల విన్నెబాగో మీద మోజు భార్య హెలెన్‌ది. రిటైరైన కొద్ది రోజులకే ఆవిడ చనిపోతుంది. ఇద్దరి కోసం కొన్న బండిని జాక్ నికల్సన్ ఒక్కడే తోలుకుంటూ పోతాడు. పక్క సీటు ఖాళీగా ఉన్న మోటర్‌హోమ్ అంత వెలితిగా ఉంటుందని ఈ సినిమా చూశాకే తెలిసింది. ఒక రాత్రి బండి టాపు మీద కొవ్వొత్తులు వెలిగించి, పోయిన భార్యని క్షమిస్తాడు, తనని క్షమించమంటాడు. బతికుండగా పక్కపక్కన కూర్చుని అనలేకపోయిన మాటలవి.

ఇక జెస్సికా బ్రూడర్ 2017లో రాసిన ‘నోమాడ్‌లాండ్’లో క్వార్ట్‌జ్‌సైట్ అదే, చలికాలమూ అదే. కానీ అక్కడ చేరినవాళ్ళలో చాలామందికి వేసవిలో వెనక్కి వెళ్ళడానికి ఇల్లు లేదు. అరవై దాటిన లిండా మే ఒక బుల్లి ట్రెయిలర్‌కి ‘స్క్వీజ్ ఇన్’ అని పేరు పెట్టుకుని, సీజన్ కూలి పనులు వెతుక్కుంటూ తిరుగుతుంది. క్లోయీ జావో సినిమా (2020) వల్ల ఆవిడ ముఖం మనకి తెలిసింది. ఇది చదివాక ‘లీజర్ సీకర్’ అనే పేరే ఎగతాళిలా వినిపిస్తుంది. తీరిక వెతుక్కోవాలన్నా ముందు కొంత ఆస్తి ఉండాలి మరి.

మన దగ్గర ఈ కథ ఎందుకు లేదు? ప్రయాణం లేక కాదు, ముసలి జంటలు కాశీకి పోతూనే ఉన్నారు. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వచ్చే తెలుగు అమ్మానాన్నలు కూడా ఋతువు చూసుకునే కదుల్తారు, ఎండలు రాగానే వచ్చి మంచు పడకముందే వెళ్ళిపోతారు. కాకపోతే వాళ్ళ చోటు వెనక సీటు. ఎక్కడ ఆపాలో, ఏం చూడాలో ముందున్నవాళ్ళు నిర్ణయిస్తారు. ప్రేమగానే నిర్ణయిస్తారు, అందుకే ఎదురు చెప్పడం కష్టం. ఎల్లా పిల్లలు కూడా ఫోన్లో ప్రేమతోనే వెనక్కి రమ్మంటారు. ఆవిడ ఫోన్ పెట్టేస్తుంది.

ఎల్లాకి మన సాహిత్యంలో జోడీ ఉంటే అది శ్రీరమణ ‘మిథునం’లో బుచ్చిలక్ష్మే. తనికెళ్ళ భరణి 2012లో బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మిలతో సినిమాగా తీసిన కథ. అక్కడ జంట కదలదు. పెరడు, వంటిల్లు, కూరపాదులు, అదే వాళ్ళ లోకం. ఒకటి గడప దాటని కథ, ఇంకొకటి గడపే లేని కథ. కానీ ఇద్దరు ఆడవాళ్ళకీ ఒకటే దిగులు: నేను పోతే ఈయన్ని ఎవరు చూస్తారు? తను లేకుండా ఆయన ఉండలేడని, ఆయనే ముందు పోవాలని బుచ్చిలక్ష్మి కోరుకుంటుంది. సుమంగళిగా పోవడమే వరమనుకునే చోట ఎంత పెద్ద కోరికో అది! ఎల్లా కోరికతో ఆగదు. గమ్యం చేరాక, భర్త నిద్రపోయిన రాత్రి, మోటర్‌హోమ్‌లోనే ఇద్దరి చావుకీ ఏర్పాటు చేస్తుంది.

నాకు పేచీ ఇక్కడే. ఎల్లా తన ప్రాణం గురించి తీసుకున్న నిర్ణయం ఆవిడ హక్కు అనుకుందాం. మరి జాన్ సంగతి? ఆ రాత్రి నిర్ణయం ఆవిడ ఒక్కదానిదే. నవల ఆవిడ గొంతులో సాగుతుంది గనక మనం ఆవిడ పక్కనే ఇరుక్కుని ఉంటాం, పుస్తకం మూశాక ఊపిరాడదు. ఆ ఇబ్బంది నవలకి బలం. సినిమా కెమెరాకి జాన్ వైపు నిలబడే అవకాశం ఉంది. అది వాడుకోకుండా మెత్తటి ప్రేమకథలా ముగించేసింది. పిల్లల చేతిలోంచి స్టీరింగు లాక్కున్న ఎల్లాని మెచ్చుకున్న మనం, అదే స్టీరింగు జాన్ చేతిలోంచి ఆవిడ తీసేసుకుంటే ఏమనాలి? వెనక సీట్లో ఉన్నది ఇప్పుడు ఆయన.

బుచ్చిలక్ష్మి కోరుకుని ఊరుకుంది, మిగతాది కాలానికి వదిలేసింది. ఎల్లాకి అంత టైం లేదు. ఈ తేడా వల్లే ‘మిథునం’ చదివి కళ్ళు తుడుచుకుంటాం, ‘లీజర్ సీకర్’ చదివి ఇంట్లో వాళ్ళతో వాదనకి దిగుతాం. మిర్రెన్, సదర్లాండ్‌ల కోసం సినిమా చూడండి. వాదించుకోవడానికి మాత్రం నవల చదవండి.