ఎడారి పటముపై రక్షణ పక్షము

ధవళేశ్వరము నుండి వచ్చే కాలువ ప్రక్కన, కడియం వంటి ఊరిలో పెరిగిన విద్యార్థిని "ఈ ప్రాంతమును శత్రువు నుండి ఎట్లు కాపాడుతావు?" అని అడిగితే, వంతెనల దగ్గర కాపలా పెడతానని వెంటనే చెప్పును. కాలువ, గట్టు, వంతెన - ఇవి డెల్టాలో ప్రకృతియు, మానవుడును కలిసి రక్షకునికి గీసి ఇచ్చిన గీతలు. ఎడారిలో ఇట్టి గీతలు అరుదు. గట్టినేల ఉన్నంతమేర ట్యాంకు ఏ దిక్కునకైనను పోగలదు. అట్టిచోట రక్షకుడు దేనిని ఆధారము చేసుకొని నిలువవలెను?

ఈ ప్రశ్నను బల్లపై ఆడు ఆటగా మలచిన వాటిలో పేరొందినది, అమెరికాలోని అవలాన్ హిల్ సంస్థ 1964లో వెలువరించిన 'ఆఫ్రికా కోర్'. 1941 - 42 సంవత్సరములలో ఉత్తర ఆఫ్రికాలో జర్మన్, ఇటాలియన్ సేనలకును బ్రిటిష్ పక్షమునకును జరిగిన పోరు దీనికి విషయము. పటమంతయు షడ్భుజపు గడులు. సేనలకు గుర్తుగా అట్టబిళ్లలు. ఒక్కొక్క వంతు సగము నెలకు సమానము. ఇందులో దాడి చేయువాని ఆటను మెచ్చుకొనువారే ఎక్కువ. కాని విద్యార్థికి పాఠము నేర్పునది రక్షకుని ఆట అని నా అభిప్రాయము.

మన పులిజూదమును తలచుకొన్న ఈ మాట సులభముగా బోధపడును. అందులో మూడు పులులు, పదిహేను మేకలు. మేక పులిని చంపలేదు. అయినను మేకలవాడు గెలువగలడు. పులి దూకవలెనన్న మేక వెనుక గడి ఖాళీగా ఉండవలెను. ఆ ఖాళీని పూరించుటయే మేకలవాని విద్య. అరుగుమీద గీసిన ఈ గీతలలో బలహీనుని రక్షణకు మొదటి సూత్రము ఉన్నది: బలము ఎంత అన్నదానికన్న, అది ఎక్కడ నిలిచినది అన్నది ముఖ్యము.

'ఆఫ్రికా కోర్'లో ఈ సూత్రము అంకగణితముగా మారినది. దాడి చేయువాని బలమును రక్షకుని బలముతో భాగించి, ఆ నిష్పత్తిని బట్టి, పాచిక వేసి, ఫలితమును పట్టికలో చూస్తారు. భాగహారములో మిగిలిన భిన్నమును రక్షకునికి అనుకూలముగా విడిచివేస్తారు. ఎత్తైన కొండచరియపై నిలిచిన రక్షకుని బలము రెట్టింపగును. నాలుగు బలముగల బిళ్ల బయలున ఉన్నదనుకొందము. దానిపైకి 23 బలముతో వచ్చిన శత్రువునకు 5:1 నిష్పత్తి దొరకును. అదే బిళ్ల చరియపై ఉన్నచో దాని బలము 8. అప్పుడు 23ను 8తో భాగింపగా దొరకునది 2:1 మాత్రమే. 3:1 కావలెనన్న 24 ఉండవలెను. ఒక్క అంకె తక్కువైనందున దాడి విలువ ఒక మెట్టు దిగిపోయినది. నేర్పుగల రక్షకుడు శత్రువునకు ఆ ఒక్క అంకె ఎల్లప్పుడును కొరవడునట్లు తన బిళ్లలను అమర్చును.

రెండవ పాఠము జ్యామితికి చెందినది. ప్రతి బిళ్లయు తన చుట్టునున్న ఆరు గడులపై అధికారము కలిగి ఉండును. వాటిలో అడుగిడిన శత్రువు ఆగవలెను. కనుక బిళ్లకును బిళ్లకును నడుమ రెండు గడులు విడిచినను వరుస తెగదు. నాలుగు బిళ్లలు పది గడుల వరుసను మూయగలవు. కాని వరుస పలుచనైనకొద్దీ ఒక్కొక్క బిళ్లను ఒంటరిగా చుట్టుముట్టుట శత్రువునకు తేలిక. పొడవా, గట్టిదనమా అన్నది రక్షకుని నిత్యసమస్య.

ఇక్కడ చరిత్ర ఆటను సమర్థించుచున్నది. ఎల్ అలమీన్ వద్ద ఉత్తరమున సముద్రము, దక్షిణమున కట్టారా పల్లము ఉన్నవి. ట్యాంకులు ఆ పల్లమును దాటలేవు. ఎడారిలో రెండు కొనలును మూతపడిన అరుదైన వరుస ఇది. 1942 ఆగస్టు 30 రాత్రి రోమెల్ దాని దక్షిణ భాగమును ఛేదించి వచ్చినప్పుడు, మాంట్‌గొమరీ తన ట్యాంకులను బయలునకు పంపక, ఆలం హల్ఫా మిట్టను ఆనుకొని నిలిపెను. ట్రిపోలీ రేవు నుండి అక్కడికి దాదాపు 2000 కిలోమీటర్లు. పెట్రోలు కొరతతో రోమెల్ కొలది దినములలోనే వెనుదిరిగెను. సరఫరా బిళ్ల చేరువలో లేనిదే దాడి చేయరాదన్న ఆట నియమమునకు ఇదే ఆధారము. రక్షకుడు కాపాడునది ఇసుకను కాదు, కాలమును. దూరము పెరిగినకొద్దీ కాలము అతని వైపు మొగ్గును.

ఇక లోపము. పులిజూదములో వలెనే ఈ ఆటలోను పటమంతయు ఇద్దరికిని కనబడును. నిజమైన ఎడారిలో రక్షకునికి కనబడునది చాల కొంచెము. 1971 డిసెంబరు 4 రాత్రి రాజస్థాన్‌లోని లోంగేవాలా వద్ద మేజర్ కుల్దీప్ సింగ్ చాంద్‌పురీ నాయకత్వమున 23వ పంజాబ్ దళమునకు చెందిన సుమారు 120 మంది సైనికులు, 40కి పైగా ట్యాంకులతో వచ్చిన పాకిస్తాన్ సేనను ఎదుర్కొన్నారు. ముళ్లకంచెను చూచి మందుపాతరలు ఉన్నవని భ్రమించి శత్రువు జాగు చేసెను. కొన్ని ట్యాంకులు ఇసుకలో దిగబడినవి. తెల్లవారగానే జైసల్మేరు నుండి వచ్చిన హంటర్ విమానములు ట్యాంకులను ధ్వంసము చేసినవి. ఆ రాత్రిని నిష్పత్తి పట్టికలో చూచినచో రక్షకునికి ఆశయే లేదు. భ్రమకును, చీకటికిని, భయమునకును పట్టికలో గడి లేదు.

దీనికన్న పెద్ద లోపము మరొకటి. అర్ధమాసము కాలము కొనుటకు ఒక బిళ్లను బలి ఇచ్చుట ఈ ఆటలో మంచి ఎత్తు. బిళ్లను తీసి పెట్టెలో వేయుటకు ఒక్క క్షణము చాలును. కాని ఆ బిళ్ల వందల మందికి, ఒకప్పుడు వేల మందికి గుర్తు. ఉత్తర ఆఫ్రికాలో భారతీయ సేనలును పోరాడినవి. తాడేపల్లిగూడెము సమీపమున మాధవరము అను గ్రామము కలదు. అక్కడివారు తరతరములుగా సైన్యమున చేరుటచే దానికి 'మిలిటరీ మాధవరం' అన్న పేరు వచ్చినది. అట్టి ఊళ్లు ఉన్న జిల్లాలలో ఈ ఆటను నేర్పు ఉపాధ్యాయుడు బిళ్ల వెనుకనున్న మనుష్యుని కూడ చూపవలెను.

ఈ హెచ్చరికతో ఆటను తరగతికి తీసుకొనిపోవచ్చును. వృత్తలేఖినితో షడ్భుజములు గీయుట, చింతగింజలను బిళ్లలుగా వాడుట కష్టము కాదు. రెండు పక్షముల నడుమ అట్ట నిలిపి, ఒకరి పటము మరొకరికి కనబడకుండ చేసి, ఉపాధ్యాయుడే మధ్యవర్తిగా ఉన్నచో మొదటి లోపము చాలవరకు తీరును. రెండవదానికి నియమము అక్కరలేదు. ప్రతి బిళ్లను పటము నుండి తీయుటకు ముందు, దాని వలన ఎన్ని దినములు దక్కినవో, ఎందరు మిగలలేదో ఆ విద్యార్థి చేతనే పలుకపై వ్రాయించిన చాలును.