నిజామియా నక్షత్ర పట్టిక: దత్తాంశం, గణన, సహకారం – విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

నవాబ్ జఫర్ జంగ్ 1901లో హైదరాబాద్ పాతబస్తీలోని ఫిసల్‌బండలో, తన ఎస్టేట్‌లో, ఒక వేధశాలను స్థాపించారు. గ్రబ్ సంస్థ తయారుచేసిన 15 అంగుళాల దూరదర్శిని ఆ వేధశాల పరికరాలలో ఒకటి. ఆయన మరణానంతరం 1908లో నిజాం ప్రభుత్వం ఈ వేధశాలను స్వీకరించింది. తరువాత అది బేగంపేటకు తరలి, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిధిలోకి వచ్చింది. ఈ నిజామియా వేధశాల ఘనతను చెప్పేవారు సాధారణంగా ఒక సంఖ్యను పేర్కొంటారు: 12 సంపుటాలలో 7,63,542 నక్షత్ర పరిశీలనలు. సంఖ్య గొప్పదే. అయితే ఆ పట్టిక అసలు విలువ ఆ సంఖ్యలో ఉందా అన్నది విచారించవలసిన అంశం. నేటి విశ్వవిద్యాలయాలలో గణన సహకారం ఎలా ఉండాలన్న ప్రశ్నకు కూడా ఈ విచారణ తోడ్పడుతుంది.

పట్టిక నిర్మాణం

1887లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం ఆకాశం మొత్తాన్ని ఛాయాచిత్రాలలో నమోదు చేయాలని నిర్ణయించింది. పథకంలో రెండు భాగాలు ఉన్నాయి: కొలతల పట్టిక, ఆకాశ పటాలు. దక్షిణాకాశంలో 17 నుంచి 23 డిగ్రీల వరకు ఉన్న మండలం హైదరాబాద్ వంతుకు వచ్చింది. ఆర్. జె. పోకాక్, ఆయన తరువాత టి. పి. భాస్కరన్ సంచాలకులుగా ఉన్న కాలంలో ఈ పని సాగింది.

గాజు ఫలకంపై 5 మిల్లీమీటర్ల ఎడంతో గళ్ల గీతలు ముద్రించి, వాటి ఆధారంగా ప్రతి నక్షత్ర బిందువు స్థానాన్ని సూక్ష్మదర్శినితో కొలిచేవారు. సంపుటాలలో అచ్చయినవి ఆ నిలువు, అడ్డ కొలతలే. వాటిని ఆకాశ స్థానాలుగా మార్చడానికి అవసరమైన ఫలక స్థిరాంకాలను కూడా జతపరిచారు.

గుణం, పరిమితి

ఈ పద్ధతిపై ఒక ఆక్షేపణ సహజం. పాఠకునికి నేరుగా నక్షత్ర స్థానం దొరకదు. ప్రతిసారీ లెక్క కట్టుకోవాలి. చేతితో లెక్కలు కట్టే కాలంలో అది పెద్ద భారం. అందువల్ల పలు దేశాలు దశాబ్దాల పాటు శ్రమించి నింపిన ఈ సంపుటాలు చాలాకాలం తగిన ఉపయోగానికి నోచుకోలేదు.

విచిత్రమేమంటే, ఆ లోపమే తరువాత గుణమైంది. కొలతలు కొలతలుగానే మిగిలినందున, మెరుగైన ఆధార నక్షత్రాలు లభించినప్పుడు వాటిని మళ్లీ గణించడం సాధ్యమైంది. హిప్పార్కస్ ఉపగ్రహ ఫలితాల ఆధారంగా అమెరికా నావికాదళ వేధశాల అన్ని మండలాల కొలతలనూ తిరిగి గణించి, 1997లో సుమారు 46 లక్షల నక్షత్రాలతో 'ఏసీ 2000' పట్టికను వెలువరించింది. 2000లో వచ్చిన 'టైకో-2' పట్టికలో దాదాపు 25 లక్షల నక్షత్రాల చలనాన్ని లెక్కించడానికి ఈ పాత స్థానాలు కీలకమయ్యాయి. పటాల భాగమో, ఖర్చు భరించలేక అనేక వేధశాలలలో అసంపూర్ణంగా ఆగిపోయింది. మొత్తం పథకానికి శాశ్వత విలువ తెచ్చింది కొలతల భాగమే.

ఇందులో ఒక చేదు నిజం కూడా ఉంది. హైదరాబాద్‌లో పుట్టిన దత్తాంశానికి కొత్త జీవం వచ్చింది వాషింగ్టన్ గణన వల్ల. దత్తాంశం ఉన్నచోట గణన సామర్థ్యం, దాన్ని నడిపే నిపుణులు లేకపోతే ఫలితాన్ని మరొకరు రాస్తారు.

నేటి సందర్భం

2015లో ఆరంభమైన జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ కింద హైదరాబాద్ ఐఐటీలో 'పరమ్ సేవ' ఏర్పడింది. దాని సామర్థ్యం 838 టెరాఫ్లాప్స్. ఇటువంటి యంత్రాలను కూడా సంఖ్యతోనే కొలవడం పరిపాటి. కాని పరిశోధక విద్యార్థికి టెరాఫ్లాప్స్ చాలవు. ఒక ప్రాసెసర్‌పై నడిచే ప్రోగ్రామును వందల ప్రాసెసర్లకు పంచడం, ఆగిపోయిన గణనకు కారణం కనిపెట్టడం, ఫలితాన్ని భద్రపరచడం నేర్పే మనుషులు కావాలి.

దృశ్యీకరణకూ ఇదే వర్తిస్తుంది. పాతబస్తీ వీధుల ఉష్ణోగ్రతలను ఇంద్రధనుస్సు రంగులలో చూపే పటాన్ని ఊహిస్తే, ఉష్ణోగ్రత క్రమంగా మారుతున్నచోట కూడా పసుపు, ఎరుపు కలిసే దగ్గర లేని హద్దు ఒకటి కంటికి కనిపిస్తుంది. వెలుగు క్రమంగా మారే రంగుల శ్రేణి ఎంచుకుంటే ఆ భ్రమ తగ్గుతుంది. ఈ ఎంపికను యంత్రం చేయదు. విషయం తెలిసిన సహాయకుడు చేయించాలి. చిత్రంతోపాటు మూల కొలతలనూ గణన విధానాన్నీ ఇవ్వని సిద్ధాంత గ్రంథంలో ఆ చిత్రాన్ని సరిచూసే మార్గం ఉండదు.

ముగింపు

ఫిసల్‌బండలో వేధశాల నెలకొల్పడం ఒక దాత ఔదార్యంతో సాధ్యమైంది. 12 సంపుటాలు వెలువడడానికి మాత్రం ఏళ్ల తరబడి నిలిచిన సంస్థ, జీతం పొందే సిబ్బంది, కొలతలను దాచకుండా అచ్చువేసే క్రమశిక్షణ అవసరమయ్యాయి. నేటి విశ్వవిద్యాలయాలు యంత్రానికి కేటాయించే నిధులతోపాటు, దాన్ని వాడడం నేర్పే శాశ్వత ఉద్యోగాలకూ నిధులు కేటాయించాలి. ఎనభై ఏళ్ల తరువాత వచ్చే అపరిచిత పరిశోధకుడు తిరిగి గణించగలిగే విధంగా దత్తాంశాన్ని మిగల్చడమే గణన సహకారానికి గీటురాయి. నిజామియా పట్టిక ఆ పరీక్షలో నెగ్గింది.