గరిటె ఎవరి చేతిలో ఉండాలి?

పల్లెలో పిల్లిని పెంచడమంటే దానికి కాసిని పాలు పొయ్యడం, ఇంత పెరుగన్నం పెట్టడం, అంతే. మిగతా సంగతి అదే చూసుకునేది. పెరట్లో గుల్లబారిన చోటు చూసుకుని, ముందుకాళ్ళతో తవ్వి, పని కానిచ్చి, వాసన చూసి మరీ కప్పెట్టి పోయేది. చలిరాత్రుళ్ళు ఆరిన పొయ్యిలో పడుకుని, ఒక్కోసారి ఆ బూడిదనే అందుకు వాడుకునేది. తెల్లారి బూడిద ఎత్తే ఇల్లాలు తిట్టుకుంటూనే దాన్నీ పెంటకుప్పలో వేసేది.

ఇప్పుడు గుంటూరులో పిల్లి మూడో అంతస్తులో ఉంటోంది. బ్రాడీపేట ఫ్లాటుకు పెరడు ఎక్కడిది? పొయ్యేమో గ్యాసుది. అందుకని బాల్కనీ మూల ఒక ప్లాస్టిక్ తొట్టి, అందులో రెండు మూడు అంగుళాల మందాన మట్టి గుళికలు, పక్కన చిల్లుల గరిటె. మా ఇంట్లోనూ ఇదే ఏర్పాటు. పొద్దున కాఫీ కన్నా ముందు నేను పట్టుకునేది ఆ గరిటెనే. చూసిన చుట్టాలు ముఖం చిట్లిస్తారు. నాకు మాత్రం ఇది సేద్యానికి చుట్టమైన పనే అనిపిస్తుంది. దీన్లోనూ మట్టి గుణం తెలియాలి, తేమ చూడాలి, వేళ తప్పకూడదు.

ఇంటిపిల్లి పూర్వీకులు పశ్చిమాసియా, ఉత్తరాఫ్రికా మెట్టనేలల్లో తిరిగిన అడవిపిల్లులు. నీళ్ళు దొరకని చోట బతికిన జాతి కాబట్టి వాటి మూత్రపిండాలు నీటిని పొదుపుగా వాడతాయి, మూత్రం చిక్కగా వస్తుంది. అందులోని యూరియాను సూక్ష్మజీవులు విరగ్గొడితే అమోనియా పుడుతుంది. ఆ ఘాటంతా దానిదే. మన ఎండల్లో ఆ పని ఇంకా త్వరగా అవుతుంది. కాబట్టి మాఘంలో రోజుకొకసారి ఎత్తితే సరిపోయే తొట్టిని వైశాఖంలో రెండుసార్లు చూడాలి.

తొట్టిలో ఏం పొయ్యాలన్నది పాత ప్రశ్నే. 1947లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, కసోపొలిస్ అనే చిన్న ఊళ్ళో ఒకావిడ తన పిల్లికి బూడిద పోసేది. ఇల్లంతా నల్లటి అడుగులు పడుతుంటే విసిగి, పొరుగున ఉన్న ఎడ్ లో అనే కుర్రాణ్ణి కాస్త ఇసుక అడిగింది. వాళ్ళ ఇంటి వ్యాపారంలో నూనె మరకలు పీల్చడానికి అమ్మే మట్టి గుళికలుండేవి. అతను అవి ఇచ్చాడు. తర్వాత అదే మట్టిని సంచుల్లో పోసి, పైన ‘కిటీ లిట్టర్’ అని రాసి అమ్మాడు. తడి తగలగానే ఉండకట్టే బెంటొనైట్ లిట్టర్ వచ్చింది మాత్రం 1980లలో, థామస్ నెల్సన్ అనే జీవరసాయన శాస్త్రవేత్త పుణ్యమా అని.

మన దేశంలో బెంటొనైట్‌కు గుజరాత్‌లోని కచ్ ప్రసిద్ధి. అయితే దాని గుణం గుంటూరు, ప్రకాశం రైతుకు ఒకరు చెప్పక్కర్లేదు. అందులో ఎక్కువగా ఉండే మాంట్‌మొరిల్లనైట్ కుటుంబపు బంకమట్టే మన నల్లరేగడిలోనూ ఉంటుంది. దాని పలకల మధ్యకు నీరు దూరితే మట్టి ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. వాన వెలిశాక పత్తి చేలో దిగితే కాలు పైకి రానివ్వని జిగురు అదే. వానలు ఆగాక కూడా పత్తికీ మిరపకీ అడుగున తేమ దాచి ఉంచేదీ అదే. పర్చూరు వైపు ఇల్లు కట్టేవాళ్ళు పునాదిలో నల్లమట్టి తీసేసి గ్రావెల్ నింపేది కూడా ఈ ఉబ్బుకు భయపడే.

అలాగని చేలో మట్టి తెచ్చి తొట్టిలో పోస్తే కుదరదు. రేగడిలో బంకమట్టితోపాటు సున్నపు గులకలూ ఇసకా ఎన్నో కలిసి ఉంటాయి. తడిస్తే ఉండ కాదు, అడుసవుతుంది. పిల్లి ఆ కాళ్ళతో మంచమెక్కుతుంది. పైగా పత్తి, మిరప చేలమీద ఏడాది పొడవునా కొట్టిన మందుల శేషం ఆ మట్టిలో ఉండొచ్చు. పిల్లి తన పాదాలు తానే నాక్కుంటుందన్నది మరవకూడదు. ఊక, రంపపు పొట్టు వాడేవాళ్ళున్నారు. చవకే, తడినీ పీలుస్తాయి. కాకపోతే ఉండకట్టవు కాబట్టి తరచుగా మొత్తం పారబొయ్యాలి.

పాదాలు నాకే అలవాటు వల్ల మన ఇళ్ళలో ఇంకో ప్రమాదం ఉంది. తొట్టి కడగాలంటే చెయ్యి ముందు ఫినాయిల్ సీసా మీదికే పోతుంది. ఫినాల్ జాతి రసాయనాలను మార్చి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి బాగా తక్కువ. మనకు శుభ్రం అనిపించే ఆ వాసన దానికి విషం. బ్లీచింగ్ పౌడర్ జోలికీ పోవద్దు. మూత్రంలోని అమోనియాతో కలిస్తే ఊపిరి సలపనివ్వని క్లోరమిన్ వాయువులు వస్తాయి. సబ్బు, వేడినీళ్ళు, ఎండ చాలు. ఎండకు మనకేం కరువు? ఇక పిల్లి వేరే మూల పాడుచేస్తోందని అక్కడ కారప్పొడి చల్లేవాళ్ళూ ఉన్నారు. ఆ ఘాటు దాని పాదాలకీ నాలుకకీ కళ్ళకీ చేరుతుంది. పిల్లి తొట్టిని వదిలేసిందంటే ముందు తొట్టిలో తప్పు వెతకాలి. మురికిగా ఉందా, ఇరుకుగా ఉందా, అన్నం గిన్నె పక్కనే పెట్టామా, రెండు పిల్లులకు ఒకటే ఉందా? పిల్లికొక తొట్టి, ఇంటికి మరొకటి అన్నది పశువైద్యులు చెప్పే లెక్క.

ఎత్తిన ఉండల్ని టాయిలెట్లో వేసి నీళ్ళు పొయ్యకూడదు. చేలో ఉబ్బే మట్టి గొట్టంలోనూ ఉబ్బుతుంది. కాగితంలో గట్టిగా చుట్టి చెత్తబండికి ఇవ్వాలి, అదీ తడిచెత్తతో కలపకుండా. ఈ మట్టి ఎరువూ కాదు, మండదు కూడా.

ఇంతా చేస్తే ఒళ్ళు అలిసే పని కాదిది, కళ్ళు తెరిచి చేయాల్సిన పని. పిల్లి తన బాధ చెప్పదు, దాచుకుంటుంది. అది రోజూ ఇచ్చే సమాచారమంతా ఆ తొట్టిలోనే ఉంటుంది. ఉండలు నెమ్మదిగా పెద్దవవుతున్నాయంటే మూత్రపిండాల జబ్బో షుగరో అని అనుమానించాలి. మగపిల్లి పదేపదే తొట్టిలో కూర్చుని ముక్కుతున్నా ఉండ కనపడలేదంటే మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు. మలబద్ధకమేలే అనుకుని ఆముదం కోసం వెతికితే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికొస్తుంది. వెంటనే పశువైద్యుడి దగ్గరికి పరుగెత్తాలి. నిన్న ఎన్ని ఉండలున్నాయో చూసినవాళ్ళకే ఇవాళ్టి తేడా తెలుస్తుంది.

అందుకే ఈ పనిని పనిమనిషికి అప్పగించే అలవాటు నాకు నచ్చదు. పిల్లిని ఒళ్ళో కూర్చోబెట్టుకునేది మనం, దాని మురికి ఎత్తేది ఆమె. ఎవరి మురికి ఎవరు ఎత్తాలన్నది ఈ నేల మీద ఎన్నో తరాలుగా పుట్టుకను బట్టి తేల్చిన సంగతి. ఆ లెక్కలోకి పిల్లిని కూడా చేర్చనక్కర్లేదు. ఆమెకు ఆ తొట్టి జీతంలో లేని చాకిరీ. అందులో ఉండ తగ్గిందో పెరిగిందో ఆమె ఎందుకు గుర్తుపెట్టుకోవాలి?

ఇంకో సంగతుంది. ఎలుకనో పచ్చిమాంసమో తిన్న పిల్లికి టాక్సోప్లాస్మా సోకితే, కొద్ది వారాలపాటు దాని మలంలో ఆ పరాన్నజీవి బయటికొస్తుంది. అది కడుపులో బిడ్డకు హాని చెయ్యగలదు. అయితే బయటపడిన రోజే అంటుకోదు, ఆ శక్తి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. కాబట్టి ఇంట్లో కోడలు నెల తప్పిందని పిల్లిని మిరప యార్డు దగ్గర వదిలేసి రావక్కర్లేదు. ఉడికించిన తిండి పెట్టి, రోజూ తొట్టి ఎత్తి, చేతులు కడుక్కుంటే చాలు. ఆ తొమ్మిది నెలలూ గరిటె ఆమె భర్త పట్టాలి. పనిమనిషికి ఇవ్వడం కుదరదు, ఆమె కూడా నెల తప్పి ఉందేమో మనం ఎప్పుడైనా అడిగామా?