‘ఒక హిజ్రా ఆత్మకథ’ – మనం చదవాల్సిన భాగం

ఎ. రేవతి జీవితకథను పి. సత్యవతి గారు ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగులోకి తెచ్చారు. చదివినవాళ్లు ఎక్కువగా ఆమె పడ్డ బాధల గురించే మాట్లాడతారు. నాకది సగం చదువనిపిస్తుంది. ఇంట్లో దెబ్బలు, పోలీసుల హింస దాటుకుని ఆమె బెంగళూరులో ‘సంగమ’ సంస్థలో చేరుతుంది. హక్కుల మాట అక్కడ నేర్చుకుంటుంది. ఈ భాగం ఇంకా వివరంగా ఉండాల్సింది. పదిమందిని ఎలా కూడగట్టారు, స్టేషన్‌కు ఎవరు వెళ్లారు, ఖర్చులకు డబ్బు ఎక్కడిది? సంఘం పెట్టుకోవాలనుకునే మన యువతకు కావలసింది అదే.

హిజ్రాల గొడవ మనకెందుకు అనేవాళ్లు మనలోనూ ఉన్నారు. 1871 నాటి నేరస్థ తెగల చట్టం చూడండి. ఒక భాగంలో తెగలు, ఇంకో భాగంలో హిజ్రాలు. ఇద్దరినీ రిజిస్టర్‌కెక్కించింది. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది, మన ఎరుకలవాళ్లు ఆ ముద్ర మోశారు. హైదరాబాద్ రాజ్యంలో 1919లో హిజ్రాల మీద ఇలాంటిదే మరో చట్టం చేశారు. 2014లో సుప్రీంకోర్టు నల్సా తీర్పులో తృతీయ లింగాన్ని గుర్తించాక కూడా అది కాగితం మీద బతికే ఉంది. ట్రాన్స్‌జెండర్లు పిటిషన్ వేసి పోరాడితే 2023లో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. పుస్తకం అంతకు ముందే రాసింది కనుక ఈ సంగతి అందులో లేదు, టీచర్లే జోడించి చెప్పాలి. లైంగిక హింస ఉన్న పేజీలున్నాయి. పిల్లల చేతికిచ్చే ముందు మీరు పూర్తిగా చదవండి.