మెట్టవరి నిలకడకు ఒక కొలబద్ద: గుణదోషములు

వరి అనగానే మనకు నీరు నిలిచిన మడి స్ఫురించును. కాని దమ్ము చేయక, నీరు నిలుపక, కేవలము వర్షముపై ఆధారపడి పండించు మెట్టవరియు కలదు. జార్ఖండ్‌లోని ఛోటానాగపూర్ పీఠభూమిపై దీనిని తరతరములుగా పండించుచున్నారు. అట్టి మెరకనేలలలో ఒక చేనున తేమ ఉండగా పక్క చేను ఎండిపోవచ్చును. నిరుడు బాగుగా పండినది ఈ యేడు పండకపోవచ్చును. కనుక ఒక మెట్టవరి వంగడమును ఒక్క చోట, ఒక్క సంవత్సరము పరీక్షించి మంచిచెడ్డలు నిర్ణయింపరాదు. అనేక చోట్ల, అనేక సంవత్సరములు పండించి చూడవలెను. అప్పుడు వచ్చిన అంకెలరాశి నుండి నిలకడ అను గుణమును ఎట్లు కొలుచుట?

ఈ ప్రశ్నకు విరివిగా వాడుకలోనున్న సమాధానము, మొక్కజొన్న శాస్త్రజ్ఞులగు ఎబర్‌హార్ట్, రసెల్ 1966లో అమెరికాలో ప్రకటించిన పద్ధతి. 1963లో ఆస్ట్రేలియాలో ఫిన్లే, విల్కిన్‌సన్ బార్లీపై చేసిన కృషి దీనికి పూర్వరంగము.

పద్ధతి సులభమే. ఒక చేనున పరీక్షలోనున్న వంగడములన్నింటి సగటు దిగుబడియే ఆ చేని మంచితనమునకు కొలత. దాని నుండి మొత్తము సగటును తీసివేయగా వచ్చునది పరిసర సూచిక. సూచిక ఒకటి పెరిగినప్పుడు వంగడపు దిగుబడి ఎంత పెరుగునో తెలుపు అంకెకు వాలు అని పేరు. దిగుబడులను సూచికలతో గుణించి కూడి, సూచికల వర్గముల మొత్తముచే భాగించిన వాలు వచ్చును. సగటు ఎక్కువగా, వాలు 1కి దగ్గరగా ఉండి, దిగుబడులు ఆ గీత నుండి ఎక్కువగా చెదరకున్నచో ఆ వంగడము నిలకడ గలదని వారి నిర్ణయము.

దీని గుణమును ఒక ఊహాత్మక ఉదాహరణముతో చూతము. మూడు చేలలో మొదటి వంగడము హెక్టారుకు 30, 20, 4 క్వింటాళ్లును, రెండవది 22, 18, 14 క్వింటాళ్లును పండెననుకొనుడు. రెండింటి సగటు 18. సగటు మాత్రమే చూచువానికి రెండును సమానమే. కాని 4 క్వింటాళ్లు పండిన రైతునకు తిండిగింజలకే కాక మరుసటి యేటి విత్తనమునకు కూడ కరవు వచ్చును. సూచికలు 8, 1, –9, వాలులు 1.53, 0.47. సగటు దాచిన భేదమును వాలు బయటపెట్టినది. ఇది మెచ్చుకొనదగినదే.

ఇక దోషము. రెండవ వంగడము పక్కన మొదటిదానికి బదులు 18, 16, 14 క్వింటాళ్లు పండు మూడవదానిని ఉంచి చూడుడు. రెండవదాని పంటలో ఒక్క గింజయు మారలేదు. అయినను సూచికలు 3, 0, –3 అగుటచే దాని వాలు 1.33కు ఎక్కినది! తట్టుకొనునదనిపించుకొన్న వంగడమే లొంగునదైనది. ఏలయన, వంగడముల వాలులన్నింటి సగటు ఎల్లప్పుడును 1 మాత్రమే. తరగతిలో ర్యాంకు వలె ఇది తోటివారిని బట్టి మారును. వంగడముల సంఖ్య పెరిగినప్పుడు ఈ దోషము తగ్గును గాని పూర్తిగా పోదు.

రెండవ దోషము ఇంతకంటె పెద్దది. సూచిక తగ్గుటకు వరి ఈనునప్పటి బెట్ట కారణము కావచ్చును, అగ్గితెగులు కావచ్చును, భాస్వరపు లోపము కావచ్చును. సూచికకు అన్నియు ఒక్కటే. హజారీబాగ్ పరిశోధన కేంద్రము నుండి 1992లో వెలువడిన వందన అను వంగడము సుమారు 90–95 దినములలో కోతకు వచ్చి, వర్షాకాలపు చివరి బెట్టను తప్పించుకొనును. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ సహకారముతో అదే కేంద్రము రూపొందించగా 2010లో విడుదలైన సహభాగి ధాన్, బెట్టలో కూడ దిగుబడి నిచ్చునట్లు పరీక్షించి ఎన్నుకొనబడినది. తప్పించుకొనుట వేరు, తట్టుకొనుట వేరు. ఏ చేనికి ఏది తగునో చెప్పుటకు వాలు ఒక్కటే చాలదు.

ఈ కొలబద్దను పారవేయనక్కరలేదు. దానిని మాత్రమే నమ్మరాదు. హైదరాబాదు కేంద్రముగా 1965లో ప్రారంభమైన అఖిల భారత సమన్వయ వరి పథకము వంటి వాటి దిగుబడి పట్టికలు చూచునప్పుడు ఉపాధ్యాయులు విద్యార్థులచే మూడు ప్రశ్నలు అడిగింపవచ్చును: ఈ వంగడమును వేటితో పోల్చిరి? మిక్కిలి చెడ్డ చేనున ఎంత పండెను? ఆ చేను ఎందువలన చెడినది? మెట్టరైతు బ్రతుకు మూడు చేల సగటుపై కాక, తనకున్న ఒక్క చేనిపై ఆధారపడియున్నది గదా.