కర్మ, ప్రేరితకర్త, స్వతంత్రకర్త: తెలుగు కథలో ఆధునిక స్త్రీ

ప్రాచీనాలంకారికులు నాయికను పలువిధముల విభజించిరి. స్వీయ, పరకీయ, సామాన్య యనుట యొక విభాగము. ముగ్ధ, మధ్య, ప్రౌఢ యనుట వేఱొకటి. స్వాధీనపతిక మొదలు అభిసారిక వఱకు గల అష్టవిధ నాయికాభేదము సాహిత్య విద్యార్థు లెల్లరు నెఱిగినదే. ఈ యెనిమిదింటిని తఱచి చూచినచో నొక విశేషము కానవచ్చును. ప్రియుడు చెంత నుండుట, సంకేతమునకు రాకుండుట, అన్యస్త్రీ చిహ్నములతో వచ్చుట, దూరదేశమున నుండుట - ఇట్టి పురుషావస్థలే నాయికకు పేరు పెట్టుచున్నవి. అభిసారిక తనంత తాను కదలును. కాని యా కదలికయు ప్రియుని యొద్దకే. నాయిక తన బ్రదుకును గూర్చి యేమి తలచినది, ఏమి నిర్ణయించినది యను ప్రశ్నకు ఈ విభాగమున తావు లేదు. ఇది శాస్త్రకారుల దోషము కాదు. శృంగారరస పరిపోషణమే వారి లక్ష్యము. ఐనను ఆ కొలతతో ఈ కాలపు కథలోని స్త్రీని కొలువజాలము. మఱి దేనితో కొలువవలెను?

మన విమర్శలో తఱచు వినవచ్చు లక్షణములు మూడు. చదువుకొన్న స్త్రీ ఆధునిక యని కొందఱు. ఉద్యోగము చేసి తన కాళ్లపై తాను నిలిచినది ఆధునిక యని కొందఱు. కట్టుబాట్లను త్రెంచి యిల్లు విడిచినది ఆధునిక యని మఱికొందఱు. ఈ మూడింటికిని అతివ్యాప్తి, అవ్యాప్తి దోషములు తప్పవు. పట్టములు పొందియు తన పెండ్లి మాట ఇతరులకు విడిచిన స్త్రీని మొదటి లక్షణము ఆధునిక యనును; ఇది అతివ్యాప్తి. అక్షరము రాకున్నను తన జీవితముపై తానే తీర్పు చెప్పుకొన్న స్త్రీని అది వెలివేయును, ఇది అవ్యాప్తి. తక్కిన రెండింటి గతియు నింతే.

ఈ సందర్భమున వ్యాకరణశాస్త్ర పరిభాష మనకు తోడ్పడగలదు. క్రియయందు స్వతంత్రముగా నుండునది కర్త యని పాణిని నిర్వచించెను. ఆ కర్తను పురికొల్పువానిని హేతు వనెను. క్రియాఫలము నొందునది కర్మ. 'అన్న చెల్లెలిచేత వ్రాయించెను' అన్నచో కలము పట్టినది చెల్లెలే. కాని వ్రాయవలెనను సంకల్పము అన్నది. ఆమెను మనము ప్రేరితకర్త యందము. మన కథాసాహిత్యమున స్త్రీ కర్మగా, ప్రేరితకర్తగా, స్వతంత్రకర్తగా మూడు స్థితులలో కానవచ్చుచున్నది. తన జీవితమునకు సంబంధించిన నిర్ణయమును తాను చేసి, తత్ఫలమునకు తానే బాధ్యత వహించు స్త్రీయే ఆధునిక స్త్రీ యని ఈ వ్యాసమున ప్రతిపాదింపబడుచున్నది. ఈ మూడు స్థితులు కాలక్రమమున నొకటి ముగిసి వేఱొకటి మొదలగునవి కావు. ఒకే కాలమున, ఒకే పాత్రయందు సయితము కలసియుండవచ్చును.

సంస్కరణయుగమున స్త్రీ ప్రధానముగా కర్మ. కందుకూరి వీరేశలింగము పంతులు 1881లో రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించిరి. 1883లో స్త్రీలకై సతీహితబోధినిని వెలువరించిరి. ఆ సాహసము లేనిదే తరువాతి చరిత్ర లేదు. ఐనను బోధించువాడు పురుషుడు, బోధింపబడునది స్త్రీ యను వాక్యనిర్మాణము ఆ యుగమంతటను నిలిచియున్నది. 1892లో ప్రదర్శింపబడి, 1897లో ముద్రితమై, 1909లో పునర్లిఖితమైన కన్యాశుల్కమున బుచ్చమ్మను చూడుడు. గిరీశము మాటలకు లోబడి యామె యిల్లు దాటినది. తుదకు సంస్కర్తల నిర్ణయము ననుసరించి పూనాలోని శరణాలయమునకు పంపబడినది. మోసగాడు తీసికొనిపోయినను, సజ్జనుడు పంపినను ఆమె కర్మయే. నీ కేమి కావలెనని యామె నడిగినవారు లేరు. ఆ నాటకమున చిక్కుముడిని విప్పు కర్తృత్వము మధురవాణిది. కాని యామె గృహస్థధర్మమునకు వెలుపలిది. ఇంటి లోపలి స్త్రీకి లేని స్వాతంత్ర్యమును ఇంటి వెలుపలి స్త్రీకి మాత్రమే కల్పింప సాధ్యమైన సమాజమును గురజాడ యథాతథముగా చూపెను.

1910లో వెలువడిన దిద్దుబాటు కథలో కమలిని చదువుకొన్న యిల్లాలు. వేశ్యాలోలుడైన భర్తకు లేఖ వ్రాసిపెట్టి, పుట్టింటికి పోయినట్లు నమ్మించి, అతని మనస్సు కరగించినది. ఉపాయము ఆమెది, లేఖ ఆమెది. ఐనను కథ పేరే సూచించునట్లు, దిద్దబడవలసినది భర్త. ఆమె చదువునకు ప్రయోజనము అతని దిద్దుబాటు. కమలిని నిజముగా పోయియుండినచో ఏమగును? మంచము క్రింది నవ్వుతో ఆ ప్రశ్నను కథ మూసివేసినది. అంతకు ముందే, 1902లో, భండారు అచ్చమాంబ ధనత్రయోదశి కథను వ్రాసెను. అందు విజయలక్ష్మి పేదయిల్లాలు. పండుగనాటి లేమికి తాళలేక భర్త దొంగిలించి తెచ్చిన సొమ్మును ఆమె ముట్టదు. తిరిగి యిచ్చివేయు మని పట్టుబట్టును. దీనిని పాతివ్రత్య బోధకథ యని త్రోసివేయువా రుండవచ్చును. పతి చేసినది ధర్మమా, అధర్మమా యని తీర్పు చెప్పు అధికారమును తాను స్వీకరించిన యిల్లాలిని కేవల పతివ్రతగా చదువుట ఆ కథకు న్యాయము కాదు. వేషభాషలలో కమలిని ఆధునిక. నిర్ణయకర్తృత్వమున విజయలక్ష్మి ఒక యడుగు ముందున్నది.

చలము మైదానము 1927 నాటిది. రాజేశ్వరి న్యాయవాదియైన భర్తను విడిచి అమీరుతో పోయినది. గృహత్యాగమే ఆధునికత యన్నచో ఆమెను మించినవారు లేరు. కాని మైదానమున నిలిచిన పిదప గర్భము విషయమున ఆమె కోరికయు అమీరు కోరికయు ఎదురెదురుగా నిలిచినప్పుడు ఇల్లు వెనుకబడినను యాజమాన్యము వెంటవచ్చిన దని పాఠకునకు తెలియకపోదు. గోడలు లేనంత మాత్రమున స్వాతంత్ర్యము లేదు. అట్లయ్యు ఈ నవలయందు మిక్కిలి విలువైన నూతనత్వ మొకటి కలదు: కథ చెప్పునది రాజేశ్వరియే. లోకము తన్ను గూర్చి చెప్పు కథను త్రోసి, తన కథను 'నేను' అని తానే చెప్పుకొన్నది. వాక్యమునకు కర్తయగుట జీవితమునకు కర్తయగుటకు తొలిమెట్టు.

ఉద్యోగమను లక్షణమును ఇక పరీక్షింతము. 1960 దశకమున మన నవలారంగమున రచయిత్రులదే పైచేయి. యద్దనపూడి సులోచనారాణి సెక్రటరీ నవలలోని జయంతి వేలకొలది పాఠకురాండ్రకు ఆదర్శ మైనది. ఆమెకు ఉద్యోగము కలదు, ఆత్మాభిమానము కలదు. ఐనను ఆమె ఉద్యోగము ధనికుడైన నాయకుని చేరుటకు ద్వారమైనదే కాని తనకై తాను ఎన్నుకొన్న గమ్యము కాలేదు. ఈ నవలలను హీనముగా చూచుట నా యభిమతము కాదు. యువతులు ఇల్లు దాటి కార్యాలయమున అడుగిడుట సహజమని లక్షలమంది చేత ఒప్పించినవి ఇవియే. ఒప్పించినది ఎంతవఱకో గుర్తించుట మాత్రమే విమర్శకుని పని.

అబ్బూరి ఛాయాదేవి బోన్‌సాయ్ బ్రతుకులు ఈ విషయమున గొప్ప సాక్ష్యము. చెల్లెలు ఉన్నతవిద్య గడించి ఢిల్లీలో ఉద్యోగము చేయుచున్నది. అక్కకు చదువు చిన్ననాడే ఆగిపోయినది. తొట్టిలో కుదించి పెంచిన తురాయి చెట్టును చెల్లెలు మురియుచు చూపును. ఆ మొక్కను ఆడుదాని బ్రదుకుతో పోల్చి చూడగలిగినది అక్క. వీధిలో స్వేచ్ఛగా పెరిగిన చెట్టు గాలివానలో నలుగురికి నీడ నిచ్చుటను గమనించినదియు ఆమెయే. తాను కుదింపబడితి నని తెలిసికొన్న అక్కయు, కుదింపును అలంకారముగా మెచ్చుకొన్న చెల్లెలును - వీరిలో ఆధునిక యెవరు? రచయిత్రి తీర్పు స్పష్టము.

పి. సత్యవతి ఇల్లలకగానే కథలో ఇల్లాలు ఇల్లలకుటలో మునిగి తన పేరు మఱచిపోవును. పిల్లలకు ఆమె అమ్మ, ఇరుగుపొరుగు వారికి ఫలానావారి భార్య. తుదకు చిన్ననాటి స్నేహితురాలు శారదా యని పిలిచినప్పుడు ఆమె తన్ను తాను కనుగొనును. 'ఇల్లలకగానే పండుగ కా'దను సామెతకు ఇంతటి అర్థమున్నదని ఈ కథ వచ్చువఱకు మనకు తోచలేదు. ఇందొక చిన్న ఘట్టమును విమర్శకులు మఱింత శ్రద్ధగా చదువవలసియున్నది. శారద తన పేరు పనిపిల్ల నడుగును. యజమానురాండ్ర పేర్లతో తమకేమి పని యని ఆ పిల్ల బదులు చెప్పును. కథాంతమున శారదకు పేరు దొరకినది. ఆ పనిపిల్ల పేరు మాత్రము మనకు తెలియదు.

ఓల్గా స్వేచ్ఛ నవల 1987లో వెలువడినది. అందలి అరుణకు చదువున్నది, ఉద్యోగమున్నది, తాను కోరినవానితోనే పెండ్లి జరిగినది. అనగా వాడుకలోనున్న బాహ్యలక్షణము లన్నియు సిద్ధించిన తరువాతనే ఆమె సమస్య మొదలైనది. తన కాలము, తన స్నేహములు, తన సామాజిక కార్యము - వీనికి భర్త అనుమతి యేల యని ఆమె ప్రశ్న. బిడ్డను సయితము విడిచి వెడలుట స్వార్థమని ఆక్షేపింపవచ్చును. ఈ యాక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. ఐనను ఆమె నిర్ణయము సుఖమును తెచ్చునట్లు రచయిత్రి చిత్రింపలేదు. నష్టమును తెలిసియే స్వీకరించినట్లు చిత్రించినది. ఫలబాధ్యతతో కూడిన కర్తృత్వ మిదియే. లోకకార్యమునకై పురుషుడు సంసారమును విడిచినచో త్యాగమనియు, స్త్రీ విడిచినచో స్వార్థమనియు పేరు పెట్టు భాషను ప్రశ్నించుట ఆ నవల చేసిన మేలు.

ఈ విచార మింతటితో ముగిసినచో అది మధ్యతరగతి యింటి గడప దాటనట్లే. ఉద్యోగమే స్వాతంత్ర్యమన్నచో తరతరములుగా పొలమున నాట్లు వేసి కలుపు తీసిన స్త్రీ ఎన్నడో స్వతంత్ర కావలెను. ఆమె గడప దాటుట కోరికచేత కాదు, ఆకలిచేత. 2003లో గోగు శ్యామల సంపాదకత్వమున వెలువడిన నల్లపొద్దు సంకలనము దళిత స్త్రీల రచనలను ఒక్కచో చేర్చి, భర్తకంటె ముందుగా కులము నిర్ణయించు జీవితములను మన ముందుంచినది. శ్యామల కథ యొకదానియందు బిడ్డను జోగినిగా విడువవలెనని ఊరి పెత్తనము శాసింపగా, తండ్రి ఆమెను చదువునకై ఊరు దాటించును. ఆ ధిక్కారమునకు కుటుంబము మూల్యము చెల్లించును. జోగిని దురాచారమును నిషేధించు చట్టము ఆంధ్రప్రదేశమున 1988లో వచ్చినది. ఈ కథయందు బాలిక దేహముపై నిర్ణయము తల్లిదండ్రులది సయితము కాదు, ఊరిది. ఇట్టి రచనలను 'అనుభవపత్రములు' అని మెచ్చి, ఆధునిక స్త్రీని గూర్చిన చర్చకు మాత్రము వానిని పిలువకుండుట అన్యాయము. కర్తృత్వమును అపహరించు శక్తులు ఇంటిలో ఎన్ని, ఊరిలో ఎన్ని యని లెక్కించి చూపినవి ఇవియే.

సాహిత్యమున తేలిన ఈ భేదము లోకమునను నిత్యము కానవచ్చుచున్నది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము, ఆంధ్రప్రదేశమున 1986లో వచ్చిన సవరణము, 2005 నాటి కేంద్ర సవరణము ఆస్తియందు కూతురి హక్కును క్రమముగా విస్తరింపజేసినవి. 1993లో అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణము పంచాయతీలలో మూడవవంతునకు తగ్గకుండ స్త్రీలకు స్థానము కల్పించినది. భూమి కాగితముపైన, పంచాయతీ తీర్మానముపైన, పొదుపుసంఘపు అప్పుపత్రముపైన ఆమె సంతకము కలదు. సంతకము కర్తది; సంకల్ప మెవరిది? సర్పంచి కుర్చీలో భార్య పేరున భర్త కూర్చున్నచోట్ల ఆమె ప్రేరితకర్తయే. చట్టము క్రియాపదమును మార్చినది. కర్తను మార్చు పని మిగిలియున్నది.

కావున కథను విమర్శించునప్పుడు నాయిక యేమి చదివినది, ఏమి ధరించినది, ఇల్లు విడిచినదా యను ప్రశ్నలు ప్రధానములు కావు. నిర్ణయ మెవరిది? ఫలము మోసిన దెవరు? ఆమె స్వాతంత్ర్యమునకై పేరులేక చాకిరి చేసినవా రెవరు? ఈ మూడును అడుగదగిన ప్రశ్నలు. మొదటి రెండింటికి శారదయు, అరుణయు సమాధానము చెప్పగలరు. మూడవదానికి సమాధానము చెప్పవలసినది శారద యింటి పనిపిల్ల. ఆమె తన పేరు తాను చెప్పి, తన కథకు తానే కర్తయగువఱకు ఆధునిక స్త్రీ యను పదమునకు మన సాహిత్యమున పూర్ణార్థము సిద్ధింపదు.