జవాబు సరే, ఆధారమేది?

మన ఉన్నత పాఠశాలలలో విజ్ఞానశాస్త్రమును బోధించు తీరులో ఒక లోపము కలదు. శాస్త్రము కనుగొనిన ఫలితములను విద్యార్థులకు అందించుచున్నాము గాని, అవి నిజమని ఎట్లు తేలినదో చెప్పుట లేదు. "క్షయకు టీకా ఏది?" అన్న ప్రశ్నకు "బి.సి.జి." అని వ్రాసిన మార్కు వచ్చును. "దాని వలన మేలు కలుగునని ఎట్లు తెలిసినది?" అని అడుగువారు అరుదు. మా తరగతికి మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల నుండి వచ్చు విద్యార్థులలో ఈ లోపమును ఏటేట చూచుచున్నాను.

మదనపల్లె విద్యార్థికి ఆ ప్రశ్నకు జవాబు ఇంటి ముంగిటనే ఉన్నది. 1915లో ప్రారంభమైన ఆరోగ్యవరము క్షయ చికిత్సాలయము వారు, 1950 నుండి చుట్టుపట్ల గ్రామములలో పెద్ద పరిశోధన సాగించిరి. డాక్టరు ఫ్రిమాట్ మోలర్ నాయకత్వమున కొందరికి బి.సి.జి. వేసి, కొందరికి వేయక, ఉభయులను ఏండ్ల తరబడి గమనించిరి. టీకా పొందినవారిని మాత్రమే చూచిన ఏమి తెలియును? వారిలో అనేకులకు టీకా లేకున్నను క్షయ రాకపోయి యుండవచ్చును. పోల్చుటకు రెండవ వర్గమున్నప్పుడే టీకా చేసిన మేలెంతో లెక్కకు వచ్చును.

ఆ లెక్క అంతటను ఒకటిగా రాలేదు. బ్రిటనులో బడి విడుచు వయస్సు పిల్లలలో రక్షణ నూటికి సుమారు 80 పాళ్లు. మదనపల్లెలో అంతకు తక్కువ. 1968లో నాటి చెంగల్పట్టు జిల్లాలో ప్రారంభమైన పరిశోధనలో పెద్దలకు ఊపిరితిత్తుల క్షయ నుండి రక్షణ కానరాలేదు. అట్లని టీకా వ్యర్థము కాదు. పసిబిడ్డలను మెదడుపొరల క్షయ వంటి ప్రమాదముల నుండి కాపాడునని ఇతర పరిశోధనలు తెలిపినవి. అందుకే నేటికిని పుట్టిన బిడ్డకు వేయుచున్నారు. ఒక్క మాట జవాబులో ఈ భేదమంతయు మాయమగుచున్నది.

పుంగనూరు పొట్టి ఆవు పాలలో వెన్న మిక్కుటమని విద్యార్థులు గర్వముగా చెప్పుదురు. ఎన్ని ఆవుల పాలు, ఏ మేతపై, ఏ పద్ధతిని పరీక్షించిరని అడిగిన మౌనమే జవాబు. కుప్పము వైపు అరచేత కొబ్బరికాయ నిలిపి బోరు వేయు చోటు చూపుదురు. నీరు పడిన బోరును గూర్చి ఊరంతయు చెప్పుకొనును; ఎండిన వానిని లెక్కించు వారు లేరు. అప్పు మాత్రము రైతుకు మిగులును.

వ్యవధి చాలదని ఉపాధ్యాయులు చెప్పుదురు. పాఠమునకొక్క ప్రశ్న చాలును: "ఇది ఎట్లు తెలిసినది?" ఆధారమడుగుట అన్నిటిని కాదనుట కాదు, దేనిని ఎంత మేరకు నమ్మవచ్చునో తెలిసికొనుట. పరీక్షలో జవాబుకొక మార్కుండగా, ఆధారమునకును ఒక మార్కుండవలెను.